గ్లోబల్ ఎంట్రీ, ఎఫ్‌టీఐ-టీటీపీ, నెక్సస్: మనవాళ్ళకి ఏది ఎప్పుడు పనికొస్తుంది?

చిత్రావతి, డాలస్

అందరికీ నమస్కారం. సంక్రాంతికి ఊరెళ్దామని టికెట్లు చూస్తున్నాం. నేనూ మా ఆయనా హెచ్1బీ మీద ఉన్నాం. బాబు ఇక్కడే పుట్టాడు, ఆరేళ్ళు. వాడికి అమెరికా పాస్‌పోర్టూ, విదేశీ పౌరసత్వం ఉన్న మనవాళ్ళకి ఇండియా ఇచ్చే ఓసీఐ కార్డూ ఉన్నాయి. పోయినసారి తిరిగొచ్చేటప్పుడు దిగినచోట ఇమిగ్రేషన్ లైను ఎంతకీ కదల్లేదు. డాలస్ ఫ్లైట్ తప్పిపోయి, నిద్రమత్తులో ఉన్న పిల్లాణ్ణి ఎత్తుకుని రాత్రంతా ఎయిర్‌పోర్టులో కూర్చున్నాం. ఆఫీసులో అందరూ గ్లోబల్ ఎంట్రీ తీసుకోమంటున్నారు. ఇండియా పాస్‌పోర్టు వాళ్ళకి పద్ధతి వేరనీ చాలా ఆలస్యమవుతుందనీ విన్నాను. హైదరాబాద్‌లో కూడా ఎఫ్‌టీఐ-టీటీపీ అని ఇమిగ్రేషన్ ఈ-గేట్లు వచ్చాయంటున్నారు. మాకు ఏది ముందు? పిల్లాడికి విడిగా తీసుకోవాలా? తెలిసినవాళ్ళు కాస్త వివరంగా చెప్పండి.

ఓరుగల్లు_కిట్టు, శాన్‌హోసే

చిత్రావతి గారూ, రెండిటికీ అప్లై చెయ్యండి. కానీ సంక్రాంతి ప్రయాణానికి గ్లోబల్ ఎంట్రీ వస్తదని మాత్రం లెక్కేసుకోకండి.

గ్లోబల్ ఎంట్రీ అంటే, ముందే తనిఖీ అయినవాళ్ళని అమెరికాలో దిగినప్పుడు ఇమిగ్రేషన్ దగ్గర తొందరగా పంపించేటందుకు అమెరికా కస్టమ్స్, సరిహద్దు రక్షణ శాఖ నడిపే కార్యక్రమం. అందరూ సీబీపీ అనేది ఆ శాఖనే. 2017 జూలైలో ఇండియా పౌరులకి అవకాశం ఇచ్చిన్రు. అప్పటి మన రాయబారి నవతేజ్ సర్నా మొదటి సభ్యుడు. హెచ్1బీ, ఎఫ్1, ఎల్1, విజిటర్ వీసా, ఏది ఉన్నా అప్లై చేసుకోవచ్చు. ఫీజు ఇదివరకు 100 డాలర్లు ఉండె, 2024 అక్టోబరు 1 నుంచి 120 చేసిన్రు. రిజెక్ట్ అయినా తిరిగి రాదు. అప్రూవ్ అయితే అయిదేళ్ళు చెల్లుతది. మీ క్రెడిట్ కార్డు ఈ ఫీజు తిరిగి ఇస్తదేమో ముందు చూసుకోండి. ట్రావెల్ కార్డుల్లో చానా వాటికి ఆ సౌకర్యం ఉంది.

ఆలస్యం ఎక్కడంటే, గ్రీన్‌కార్డు వాళ్ళ అప్లికేషన్ ఒక్క అమెరికానే చూస్తది. మనది రెండు దేశాలూ చూస్తయి. సీబీపీ తన తనిఖీ తాను చేస్తది, మన ప్రభుత్వం కూడా మన వివరాలు చూసి సరే అనాలె. మన పాస్‌పోర్టు సేవా పోర్టల్‌లో గ్లోబల్ ఎంట్రీ వెరిఫికేషన్ కోసం ప్రత్యేకంగా ఒక సర్వీసే ఉంది. అది గమనించకుండా అమెరికా పోర్టల్‌లో డబ్బులు కట్టేసి, ఏడాదైనా ‘పెండింగ్’ అని ఉంటే తల పట్టుకునేవాళ్ళని చానామందిని చూసిన. రెండు పోర్టల్స్‌లో ఏ వివరమూ తేడా రావొద్దు. పాస్‌పోర్టు నంబరు, పుట్టిన ఊరు, ఇండియా అడ్రస్సు, అన్నీ.

రెండు దిక్కులా సరే అంటే ‘కండిషనల్ అప్రూవల్’ వస్తది. అటెన్క ఇంటర్వ్యూ. దానికి రెండేళ్ళ గడువు ఉంటది. సెంటర్‌లో అపాయింట్‌మెంట్ దొరకకపోయినా ఫికర్ లేదు. విదేశం నుంచి అమెరికాకు వచ్చి దిగినప్పుడు ఎయిర్‌పోర్టులోనే ఇంటర్వ్యూ చేస్తరు, ‘ఎన్‌రోల్‌మెంట్ ఆన్ అరైవల్’ అంటరు. మీ డాలస్‌లో ఉంది. పాస్‌పోర్టు, ఐ-797 (మీ హెచ్1బీ అప్రూవల్ కాగితం), డ్రైవింగ్ లైసెన్సు చేతి బ్యాగులో పెట్టుకోండి. చెక్-ఇన్ సూట్‌కేసుల్ల ఉంటే ఇంటర్వ్యూ అయ్యేదాకా అవి మీ చేతికి రావు.

పిల్లాడికి విడిగా ఉండాల్సిందే. ఎంత చిన్న పిల్లలైనా సరే, తల్లిదండ్రుల మెంబర్‌షిప్ వాళ్ళకి పనికిరాదు. ఫీజు మాత్రం పడదు. తల్లి గానీ తండ్రి గానీ సభ్యులైనా, కలిసి అప్లై చేస్తున్నా, 18 ఏళ్ళలోపు పిల్లలకి ఉచితం. మీవాడు అమెరికా పౌరుడు కాబట్టి ఇండియా తనిఖీ ఉండదు, మీకంటే ముందు వాడిదే అయితది.

సీలేరు, ఆస్టిన్

కిట్టు అన్నా, నాకు దేశం లోపల సెక్యూరిటీ లైను తగ్గితే చాలు. టీఎస్‌ఏ ప్రీచెక్ ఒక్కటే తీసుకోవచ్చు కదా, ఈ తతంగం అంతా ఎందుకు?

ఓరుగల్లు_కిట్టు, శాన్‌హోసే

తమ్ముడూ, ప్రీచెక్ నేరుగా పౌరులకీ గ్రీన్‌కార్డు వాళ్ళకే. హెచ్1బీ మీద ఉన్న ఇండియా పౌరులకి అది దొరికే దారి గ్లోబల్ ఎంట్రీనే. సభ్యత్వం వస్తే ప్రీచెక్ దాంట్లనే కలిసి ఉంటది. నెలకోసారి క్లయింట్ దగ్గరికి విమానంలో తిరిగేవాళ్ళకి అసలు లాభం అక్కడే. అక్కడ పిల్లల నిబంధన కూడా సులువు. పన్నెండేళ్ళ లోపు పిల్లలు ప్రీచెక్ ఉన్న అమ్మానాన్నల వెంట అదే లైన్ల పోవచ్చు.

శంషాబాద్_సుధ, హైదరాబాద్

ఇటు వైపు సంగతి నేను చెప్తాను. మా ఇంట్లో ఇద్దరం వాడుతున్నాం.

ఎఫ్‌టీఐ-టీటీపీ పూర్తి పేరు ఫాస్ట్ ట్రాక్ ఇమిగ్రేషన్, ట్రస్టెడ్ ట్రావెలర్ ప్రోగ్రాం. కేంద్ర హోంశాఖది, నడిపేది ఇమిగ్రేషన్ బ్యూరో. 2024 జూన్ 22న ఢిల్లీ మూడో టెర్మినల్‌లో మొదలుపెట్టారు. 2025 జనవరి 16న మన హైదరాబాద్‌తో పాటు ముంబయి, చెన్నై, కోల్‌కతా, బెంగళూరు, కొచ్చి, అహ్మదాబాద్‌లకు వచ్చింది. అదే ఏడాది సెప్టెంబరులో లక్నో, తిరువనంతపురం, తిరుచ్చి, కోళిక్కోడ్, అమృత్‌సర్ చేరాయి. ఆ 13 ఎయిర్‌పోర్టుల్లో విశాఖ, గన్నవరం లేవు. ఆంధ్రా వైపు నుంచి నేరుగా విదేశాలకు వెళ్ళేవాళ్ళకి ఇది అందడం లేదు. విశాఖకు కూడా ఇవ్వాలని గట్టిగా అడగాల్సిన విషయమే.

ఇండియా పౌరులకీ ఓసీఐ వాళ్ళకీ ఇస్తున్నారు. ఫీజు లేదు. హోంశాఖ పోర్టల్‌లో రిజిస్టర్ చేసుకుని ఫొటో, పాస్‌పోర్టు పేజీలు, అడ్రస్ ప్రూఫ్ అప్‌లోడ్ చెయ్యాలి. పాస్‌పోర్టుకి కనీసం ఆరు నెలల గడువు ఉండాలి. పరిశీలన అయ్యాక వేలిముద్రలకీ ముఖం ఫొటోకీ రమ్మని మెసేజ్ వస్తుంది. ఆ పని ఎఫ్‌ఆర్‌ఆర్‌ఓ (విదేశీయుల ప్రాంతీయ నమోదు) ఆఫీసులో చేయించుకోవచ్చు, ప్రయాణం రోజు ఎయిర్‌పోర్టులోనూ చేయించుకోవచ్చు. అమెరికా నుంచి వచ్చేవాళ్ళకి రెండోదే వీలు. దిగినప్పుడు వేలిముద్రలు ఇచ్చేస్తే వెళ్ళేటప్పటికి గేటు వాడుకోవచ్చు.

గేటు దగ్గర ఏం జరుగుతుందంటే, ముందు బోర్డింగ్ పాసు స్కాన్ చేయాలి, తర్వాత పాస్‌పోర్టు. మొదటి తలుపు తెరుచుకుంటుంది. లోపలికి వెళ్ళి కెమెరా వైపు చూస్తూ నిలబడితే, ముఖం సరిపోయాక రెండో తలుపు తెరుచుకుంటుంది. కళ్ళద్దాలు, టోపీ ముందే తీసేయాలి. వెళ్ళేవాళ్ళు బోర్డింగ్ పాసు కాగితం మీద తీసుకోండి. ఫోను స్క్రీను మీద బార్‌కోడ్ పట్టక వెనకవాళ్ళు ఆగిపోవడం మొన్న కూడా చూశాను. దిగేవాళ్ళయితే అదే కాగితం పారేయకుండా దగ్గర పెట్టుకోవాలి. చాలామంది విమానంలో సీటు ముందు జేబులోనే వదిలేస్తారు.

మామూలు కౌంటర్ల దగ్గర తెల్లవారుజామున గల్ఫ్ ఫ్లైట్లన్నీ ఒకేసారి దిగితే పరిస్థితి ఎలా ఉంటుందో అందరికీ తెలిసిందే. ఆ టైముకి దిగేవాళ్ళకి ఇది నిజంగా పెద్ద ఊరట.

పెన్నాతీరం, న్యూజెర్సీ

అప్లికేషన్ పెట్టే ముందు అందరూ ఒక పని చేయండి. పాస్‌పోర్టు తెరిచి ‘సర్‌నేమ్’ గడిలో ఏముందో చూడండి. మనవాళ్ళ అప్లికేషన్లు ఎక్కువగా చిక్కుకునేది అక్కడే, అందుకే కాస్త విడమరిచి రాస్తున్నా.

పదో తరగతి మెమోలో ఇంటిపేరు పొడి అక్షరంగా ఉంటుంది, లేదా పేరంతా ఒకే వరసలో ఉంటుంది. దాన్ని చూసి పాస్‌పోర్టు తీసినప్పుడు సర్‌నేమ్ గడి ఖాళీగా వదిలేసి, ఇంటిపేరుతో సహా మొత్తం ‘గివెన్ నేమ్’లో పెట్టేస్తారు. ఆ పాస్‌పోర్టు మీద అమెరికా వీసా తీసుకుంటే పేరంతా సర్‌నేమ్ గడిలోకి పోతుంది, అసలు పేరు ఉండాల్సిన చోట ‘ఎఫ్ఎన్‌యూ’ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్, అంటే పేరు తెలియదు) అని పడుతుంది. అదే డ్రైవింగ్ లైసెన్సుకీ సోషల్ సెక్యూరిటీకీ ఎక్కుతుంది. ఇక ఎయిర్‌లైన్ వెబ్‌సైట్ ఇంకో తీరుగా అడుగుతుంది. నాలుగు చోట్ల నాలుగు రకాలుగా పేరు పడుతుంది.

గ్లోబల్ ఎంట్రీ వచ్చాక ఒక నంబరు ఇస్తారు. దాన్ని టికెట్ బుక్ చేసేటప్పుడు ‘నోన్ ట్రావెలర్ నంబర్’ గడిలో వేయాలి. టికెట్ మీది పేరూ పుట్టిన తేదీ, సభ్యత్వంలో ఉన్న వాటితో అక్షరం పొల్లుపోకుండా కలిస్తేనే బోర్డింగ్ పాసు మీద ప్రీచెక్ గుర్తు వస్తుంది. లేకపోతే సభ్యత్వం ఉండీ మామూలు లైనే. ఇటు ఇండియా తనిఖీలో కూడా అంతే. మీ ఊరి పోలీస్ స్టేషన్‌కి వెళ్ళే వివరాల్లో పేరు ఒక తీరుగా ఉండి, ఇంటి దగ్గర ఆధార్‌లో ఇంకో తీరుగా ఉంటే వచ్చిన కానిస్టేబుల్ ఏం రాయాలి?

మా బావమరిదికి పాస్‌పోర్టు రెన్యూవల్ టైములోనే సర్‌నేమ్ విడగొట్టించి ఆ తర్వాతే అప్లై చేయించాం. అయితే ఒక జాగ్రత్త. పాస్‌పోర్టులో పేరు మారితే పాత వీసా మీది పేరుతో తేడా వస్తుంది, వీసా కూడా కొత్తది తీసుకోవాల్సి రావచ్చు. కాబట్టి వీసా స్టాంపింగ్ ఎలాగూ చేయించుకోబోతున్న ఏడాదిలోనే ఈ మార్పు పెట్టుకోండి. తొందరపడి మధ్యలో మార్చకండి. చిన్న పిల్లలకి పాస్‌పోర్టు తీసేవాళ్ళు మాత్రం మొదటిసారే ఇంటిపేరు సర్‌నేమ్ గడిలో పెట్టించండి. మీ పిల్లలకి ముప్పై ఏళ్ళ తలనొప్పి తప్పించినవాళ్ళవుతారు.

చిత్రావతి, డాలస్

పెన్నాతీరం గారూ, చాలా థ్యాంక్స్. మా ఆయన పాస్‌పోర్టులో సరిగ్గా మీరు చెప్పినట్టే ఉంది. ఆయనకి వచ్చే ఏడాది స్టాంపింగ్ ఉంది, అప్పుడే చూసుకుంటాం. నాది సరిగ్గానే ఉంది కాబట్టి నేనూ బాబూ ముందు పెట్టుకుంటాం.

ఇంకో మాట. మా ఊళ్ళో పోలీసులు ఇంటికి వస్తారా? అమ్మావాళ్ళు భయపడతారని.

నడిగడ్డ, చికాగో

మాకు స్టేషన్ నుంచి ఫోన్ వచ్చింది. నాన్న వెళ్ళి నా పాస్‌పోర్టు కాపీ, ఇంటి కాగితాలు చూపించి వచ్చిండు. పాస్‌పోర్టు వెరిఫికేషన్ లాంటిదే, వేరే ఏమీ లేదు. కానీ ముందే ఇంట్ల చెప్పి పెట్టండి. పిల్ల అమెరికాలో ఉంటే స్టేషన్ నుంచి ఫోన్ వస్తే ఏ తల్లిదండ్రులైనా కంగారు పడతరు. ఈ మధ్య పోలీసులమని చెప్పి ఫోన్ చేసి భయపెట్టి డబ్బులు గుంజే మోసగాళ్ళు ఎక్కువైన్రు కాబట్టి, ఫోన్‌లో ఎవరికీ డబ్బు పంపొద్దనీ స్టేషన్‌కి స్వయంగా పోయి మాట్లాడమనీ కూడా చెప్పండి.

టొరంటో_తులసి, మిసిసాగా

కెనడా నుంచి చూస్తున్నవాళ్ళ కోసం నెక్సస్ గురించి రాస్తాను. రెండు దేశాల మధ్య సరిహద్దు తొందరగా దాటడానికి కెనడా, అమెరికా కలిసి నడిపేది ఇది. రెండు దేశాల పౌరులకీ శాశ్వత నివాసులకీ ఇస్తారు. కెనడా పీఆర్ ఉంటే చాలు, ఇండియా పాస్‌పోర్టు ఉన్నా అప్లై చేయొచ్చు. అమెరికాలో హెచ్1బీ మీద ఉన్నవాళ్ళకి ఇది రాదు. డెట్రాయిట్, బఫెలో, సియాటిల్ వైపు ఉన్న మనవాళ్ళు తరచూ ఇదే అడుగుతారు కాబట్టి చెప్తున్నాను. ఇదివరకు 50 డాలర్లకే వచ్చేది, 2024 అక్టోబరు నుంచి ఇది కూడా 120 అమెరికన్ డాలర్లు. 18 ఏళ్ళలోపు వాళ్ళకి ఉచితం.

కారులో దాటేవాళ్ళకి దీని విలువ తెలుస్తుంది. నయాగరా దగ్గర వర్ల్‌పూల్ ర్యాపిడ్స్ వంతెన ఒక్క నెక్సస్ వాళ్ళకే. పెద్ద సెలవులప్పుడు పక్కనున్న రెయిన్‌బో వంతెన మీద బండ్లు బారులు తీరి ఉంటే, మేము ఇటు నుంచి దాటి అవతల టీ తాగుతుంటాం. కానీ బండిలో ఉన్న ప్రతి ఒక్కరికీ కార్డు ఉండాలి. వెనక సీట్లో ఊరి నుంచి వచ్చిన అత్తగారు ఉన్నా, ఉయ్యాల సీట్లో నెలల పాప ఉన్నా ఆ లైనులోకి తిప్పకూడదు. తిప్పితే మీ సభ్యత్వమే పోయే ప్రమాదం ఉంది. ఎవరైనా చుట్టాలు కలిశారంటే మామూలు లైనే దారి.

పట్టిసీమ, అట్లాంటా

ఇంతవరకూ ఎవరూ తిండి సంగతి ఎత్తలేదండి. మనవాళ్ళకి సభ్యత్వం పోయేది నేరాల వల్ల కాదండి, సూట్‌కేసులో ఉన్నవాటి వల్ల.

గ్లోబల్ ఎంట్రీ ఉన్నా కస్టమ్స్ నియమాలు మారవు. ఇప్పుడు చాలా ఎయిర్‌పోర్టుల్లో కెమెరా ముందు నిలబడితే చాలు, రసీదు కూడా రాదు. ఎవరూ ఏమీ అడగకుండానే బయటికి వచ్చేస్తామేమో అనిపిస్తుంది. అదే ప్రమాదం. తిండి పదార్థం ఏది ఉన్నా అడిగినా అడక్కపోయినా ఆఫీసరుకి మనమే చెప్పాలి. చెప్తే, తీసుకురాకూడనిదైతే తీసి పారేస్తారు, అంతటితో సరి. చెప్పకుండా దొరికితే జరిమానా, దానితో పాటు సభ్యత్వం రద్దు. తర్వాత మళ్ళీ అప్లై చేస్తే ఆ రికార్డు ఎదురుగా ఉంటుంది.

ఇంట్లో అమ్మకి ముందే చెప్పాల్సినవి ఇవండి. పచ్చి కరివేపాకు వద్దు. ఆరబెట్టినా రెబ్బలుగా ఉంటే వద్దు. నారింజ, నిమ్మ చెట్లని చంపే తెగులుని మోసే పురుగు కరివేపాకు చెట్టు మీద బతుకుతుంది. ఫ్లోరిడా నారింజ తోటలు ఆ తెగులు వల్లే నాశనమయ్యాయి, అందుకే వాళ్ళు అంత పట్టుదలగా ఉంటారు. మామిడిపళ్ళు వద్దు. 2007 నుంచి మన మామిడి అమెరికా వస్తున్నది నిజమే కానీ అది రేడియేషన్ శుద్ధి చేసి వ్యాపారంగా పంపేది, చేతి సంచిలో తెచ్చేది కాదు. కోడి పచ్చడి, మటన్ పచ్చడి అసలు వద్దు. బియ్యం కూడా వద్దు. ఇంటి పొలంలో పండిన సోనా మసూరి అని అయిదు కిలోలు మూట కట్టి ఇస్తారు. గిడ్డంగుల్లో ధాన్యం తినేసే ఖాప్రా పురుగు ఉన్న దేశాల జాబితాలో మనమున్నాం, అందుకని ప్రయాణికులు బియ్యం తేకూడదు.

ఆవకాయ, మాగాయ, గోంగూర, కందిపొడి, పూతరేకులు, మామూలుగా ఒప్పుకుంటారు, చెప్పి చూపిస్తే. ఆఖరి మాట మాత్రం అక్కడున్న ఆఫీసరుదే. పచ్చళ్ళ షాపులో ప్యాక్ చేయించేటప్పుడు ప్రతి ప్యాకెట్ మీదా లోపల ఏమేమి వేశారో ఇంగ్లీషులో అచ్చు వేసిన లేబుల్ అంటించమనండి. ఇంట్లో చేసిన పొడులు పేరు లేని తెల్ల కవర్లలో కట్టకండి. పారదర్శకంగా ఉండే డబ్బాలో పెట్టి పేరు రాయండి. అన్నీ ఒకే సూట్‌కేసులో ఒక పక్కగా సర్దండి. తెరవమంటే ఆ ఒక్కటీ తెరిచి చూపిస్తాం.

రైలుపేట_రవి, షార్లెట్

ఇవన్నీ చెప్పుకుంటూ కూర్చుంటే లైను ఆదా అయ్యేదేముంది? నేను ఎప్పుడూ ఏమీ చెప్పను. ఎవరూ అడగలేదు కూడా. అనవసరంగా జనాన్ని భయపెట్టకండి.

పట్టిసీమ, అట్లాంటా

రవి గారూ, ఈ మాట చదివి ఇంకొకరు అలాగే చేస్తే నష్టపోయేది వాళ్ళు. అందుకే గట్టిగా చెప్తున్నాను. వీసా మీద ఉన్నవాళ్ళకి కస్టమ్స్ ఉల్లంఘన రికార్డు అంటే గ్లోబల్ ఎంట్రీ ఒక్కటే కాదు, తర్వాత ప్రతి రాకలోనూ పక్క గదికి పంపే అవకాశం ఉంటుంది. సామాన్ల బెల్టు దగ్గర వాసన పట్టే కుక్కలు తిరుగుతుంటాయి. వాటికి మనం ఏం చెప్పామో ఏం దాచామో తెలియదు, పండు ఉందా మాంసం ఉందా అన్నదే తెలుసు. ‘ఊరగాయలూ పొడులూ ఉన్నాయి, మాంసం లేదు, పళ్ళు లేవు’ అని ఒక్క ముక్క చెప్పడానికి పది సెకన్లు పడుతుంది. చాలాసార్లు సరే వెళ్ళండి అంటారు.

రైలుపేట_రవి, షార్లెట్

సరే అండి, రికార్డు సంగతి ఆలోచించలేదు. బియ్యం తేకూడదని కూడా ఇప్పుడే వింటున్నా.

నడిగడ్డ, చికాగో

హెచ్1బీ, ఎల్1 వాళ్ళకి నాదొక మాట. గ్లోబల్ ఎంట్రీతో తొందరగా బయటపడి ఐ-94 చూసుకోవడం మరవకండి. పాస్‌పోర్టు మీద ముద్ర పడకపోవచ్చు. మనం ఈ దేశంలో ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పేది వీసా కాదు, ఐ-94 మీది తేదీ. ఇల్లు చేరినంక ఒకట్రెండు రోజుల్ల సీబీపీ వెబ్‌సైట్‌లో తీసి ప్రింట్ పెట్టుకోండి.

రెండు తీర్ల తేడాలొస్తయి. ఒకటి, కొత్త ఐ-797 ఉన్నా పాత వీసా మీది తేదీ ఎక్కించడం. ఇది పొరపాటు కాబట్టి దగ్గర్లోని సీబీపీ వాళ్ళ డిఫర్డ్ ఇన్‌స్పెక్షన్ ఆఫీసుకి కాగితాలతో పోతే సరిచేస్తరు. రెండోది, పాస్‌పోర్టు ముందే అయిపోయేట్టుంటే ఆ తేదీ దాకనే ఇస్తరు. ఇది పొరపాటు కాదు. కొత్త పాస్‌పోర్టు వచ్చినంక దేశం దాటి మళ్ళీ రావాలె, లేదంటే కంపెనీ ఎక్స్‌టెన్షన్ వెయ్యాలె. ఆ తేదీ చూసుకోక దాటిపోయి, గ్రీన్‌కార్డు టైముల లాయర్ల చుట్టూ తిరిగినోళ్ళు నాకు తెలుసు. ఆఫీసర్ దగ్గర నిలబడ్డప్పుడు అడక్కపోయినా ఐ-797 చేతికివ్వండి.

గ్రీన్‌కార్డు పెండింగ్‌ల ఉన్నప్పుడు ఇచ్చే ప్రయాణ అనుమతి, అదే అడ్వాన్స్ పెరోల్ మీద వచ్చేవాళ్ళు గ్లోబల్ ఎంట్రీ ఉన్నా ఆఫీసర్‌ని కలవాల్సిందే, ఎక్కువసార్లు లోపలి గదిలకు పంపుతరు. కనెక్షన్‌కి టైము ఎక్కువ పెట్టుకోండి.

కృష్ణలంక, హ్యూస్టన్

అమ్మానాన్నలకి తీసుకోవచ్చా? విజిటర్ వీసా, ఏడాదికోసారి వస్తారు. ఇద్దరికీ ఇంగ్లీషు రాదు.

ఓరుగల్లు_కిట్టు, శాన్‌హోసే

తీసుకోవచ్చు. ఇండియా పౌరులు కాబట్టి అర్హత ఉంది. మీలెక్కనే రెండు దేశాల తనిఖీ, తర్వాత ఇంటర్వ్యూ. ఇంటర్వ్యూ సెంటర్ ఇండియాలో లేదు, ఇక్కడికి వచ్చినప్పుడే.

కానీ నా అభిప్రాయం అడిగితే, పెద్దవాళ్ళకి వీల్‌చెయిర్ సహాయమే మేలు. టికెట్‌తోపాటే ఉచితంగా అడగొచ్చు. మోకాళ్ళ నొప్పులతోటి అంత దూరం నడవాల్సిన పని లేదు, తోసుకొచ్చే మనిషి ఇమిగ్రేషన్ దగ్గర పక్కనే ఉంటడు, సామాను దగ్గరికి తీసుకపోతడు. ఆఫీసర్ తెలుగు దుబాసిని కావాలంటే ఫోన్‌లో పిలుస్తరు, సిగ్గుపడకుండా ‘తెలుగు’ అని అడగమనండి. ఎక్కడ ఉంటరో ఆ అడ్రస్సూ, మీ ఫోన్ నంబరూ, తిరుగు టికెట్టూ ఒక కాగితం మీద ఇంగ్లీషులో రాసి ఇవ్వండి.

మీ నాన్నగారు బాగా నడుస్తరు, ఇంగ్లీషు కొంత వచ్చు అంటే అప్పుడు ఆలోచించొచ్చు. ఇండియా వైపు ఎఫ్‌టీఐ-టీటీపీ మాత్రం వాళ్ళకి చేయించండి. అక్కడ మాట్లాడే పనే ఉండదు. పైసా ఖర్చు కూడా లేదు.

వంశధార, సియాటిల్

ఒక విషయం అడుగుతాను, ఎవరినీ నొప్పించాలని కాదు. కాస్త సమయం కోసం రెండు ప్రభుత్వాలకి వేలిముద్రలు, ముఖం, అడ్రస్సు, ఉద్యోగం చరిత్ర అన్నీ ఇస్తున్నాం. ఇవి ఎంతకాలం దాచుకుంటారు, ఇంకెవరికి ఇస్తారు అనేది మనలో ఎంతమంది చదివి సంతకం పెడుతున్నాం? నేను అందుకే తీసుకోలేదు. లైనులో నిలబడడానికే ఇష్టపడతాను.

శంషాబాద్_సుధ, హైదరాబాద్

వంశధార గారూ, మీరు అన్నది సబబే. ఇది తప్పనిసరి కాదు, వద్దనుకునే హక్కు అందరికీ ఉంది. నా లెక్క ఇది. అమెరికా వీసాకి వెళ్ళిన రోజే 14 ఏళ్ళు దాటిన ప్రతివాళ్ళూ పది వేళ్ళూ ఇచ్చేశాం. కాబట్టి గ్లోబల్ ఎంట్రీ వల్ల అటు కొత్తగా పోయేది తక్కువ. ఇండియా వైపు మాత్రం వేలిముద్రలూ ముఖమూ ఇమిగ్రేషన్ దగ్గరికి కొత్తగా చేరతాయి. ఏడాదికి ఒకసారి కూడా తిరగనివాళ్ళకి అది అవసరమా అంటే, అవసరం లేదనే నేనూ అంటాను. నెలనెలా తిరిగేవాళ్ళు ఆలోచించుకోవాలి.

వేదిక నిర్వాహకులు

సభ్యులకు విన్నపం. ఈ చర్చలో ఒక సభ్యుడు పెట్టిన లింకు తొలగించాం. అది ప్రభుత్వ వెబ్‌సైట్ కాదు, అప్లికేషన్ నింపిపెడతామని అదనంగా డబ్బు తీసుకునే సైటు. వెతికితే ఇలాంటివే ముందు కనిపిస్తాయి. గ్లోబల్ ఎంట్రీ, నెక్సస్‌ల అసలు అడ్రస్సు చివర ‘డీహెచ్ఎస్ డాట్ గవ్’ ఉంటుంది. మన కార్యక్రమానిది ‘గవ్ డాట్ ఇన్’తో ముగుస్తుంది. ఎఫ్‌టీఐ-టీటీపీకి ఎవరైనా రుసుము అడిగితే అది మోసమే. పాస్‌పోర్టు ఫొటోలు ఈ వేదికలో పెట్టకండి, నంబరు చెరిపేసినా సరే.

చిత్రావతి, డాలస్

అందరికీ ధన్యవాదాలు. మాకు అర్థమైంది ఇదీ. గ్లోబల్ ఎంట్రీ ఇప్పుడే పెట్టేస్తాం గానీ ఈ ప్రయాణానికి అందదు. మరి జనవరిలో తిరిగొచ్చేటప్పుడు కనెక్షన్ పోకుండా ఏం చేయాలి? మొబైల్ పాస్‌పోర్ట్ కంట్రోల్ అని ఒక ఉచిత యాప్ ఉందట, అది మాకు పనిచేస్తుందా?

ఓరుగల్లు_కిట్టు, శాన్‌హోసే

ఆ యాప్ అమెరికా పౌరులకీ గ్రీన్‌కార్డు వాళ్ళకీ ఉంది. హెచ్1బీకి లేదు. బాబుకి అర్హత ఉన్నా మిమ్మల్ని వదిలి వాడొక్కడు పోలేడు కదా. పౌరులూ గ్రీన్‌కార్డు వాళ్ళూ ఉన్న ఇంట్ల మాత్రం 120 డాలర్లు పెట్టేముందు ఈ యాప్ వాడి చూడండి, కొందరికి అదే సరిపోతది.

మీకు రెండు దారులు. ఒకటి, అబుదాబి మీదుగా టికెట్. అక్కడ అమెరికా ఇమిగ్రేషన్, కస్టమ్స్ రెండూ విమానం ఎక్కకముందే అయిపోతయి. ఇక్కడ దిగినంక లోకల్ ఫ్లైట్ దిగినట్టే బయటికి రావొచ్చు, లైను వల్ల కనెక్షన్ పోయే సమస్య ఉండదు. అయితే అబుదాబిలో మధ్యన టైము బాగా ఉండేటట్టు చూసుకోండి, ఆ లైను అక్కడ ఉంటది. రెండోది, మొదట దిగే ఊరే డాలస్ అయ్యేటట్టు టికెట్ తీసుకోవడం. గల్ఫ్ నుంచి డాలస్‌కు నేరుగా ఫ్లైట్లు ఉన్నయి. లైను ఎంతసేపైనా తప్పిపోయే ఫ్లైట్ ఉండదు. పిల్లాడితో కాబట్టి నేనైతే రెండోదే ఎంచుకుంటా.

చిత్రావతి, డాలస్

డాలస్‌లోనే దిగేట్టు చూస్తాం, థ్యాంక్స్ కిట్టు గారూ. సుధ గారూ, ఆఖరి సందేహం. హైదరాబాద్ గేట్లకి బాబుకి కూడా అప్లై చేయొచ్చా? వాడిది ఓసీఐ.

శంషాబాద్_సుధ, హైదరాబాద్

చేయలేరండి, 12 ఏళ్ళు నిండాలి. మీ ఇద్దరికీ వచ్చినా బాబు కౌంటర్ దగ్గరికే వెళ్ళాలి, వాడితో ఒకరు ఉండాలి. దిగేటప్పుడు మీ ఆయన గేటులోంచి వెళ్ళిపోయి బెల్టు దగ్గర సూట్‌కేసులు పడుతుంటారు, మీరు బాబుతో కౌంటర్‌కి వెళ్ళండి. బాబు అమెరికా పాస్‌పోర్టు, ఓసీఐ కార్డు రెండూ మీ చేతిలోనే ఉంచుకోండి, మీ ఆయన బ్యాగులో వెళ్ళిపోకుండా. ఆయన ఒకసారి గేటు దాటాక వెనక్కి రానివ్వరు.